చిన్న వకీలుకు సముద్రగర్భ కేబుల్ అండ

దూరం తగ్గింది, గ్రంథాల ఖర్చు తగ్గింది. అదే దారిన పెద్ద వకీళ్లూ వస్తున్నారు

అండమాన్ రాజధానిలో విమానాశ్రయం దాపున ఉన్న లంబాలైన్ వాసులకు విమానాల చప్పుడు కొత్త కాదు. కోల్‌కతాకు గానీ చెన్నైకి గానీ బయలుదేరే విమానం ఆ పేటకు వినిపిస్తూనే లేస్తుంది. ద్వీపాల్లో కోర్టు వ్యవహారాలున్న కుటుంబాలకు చాలాకాలం పాటు ఆ చప్పుడు ఖర్చుకు సంకేతంగా ఉండేది. కింది కోర్టులో ఓడినవాడు పైకోర్టు తలుపు తట్టాలంటే చాలా సందర్భాల్లో సముద్రం దాటవలసి వచ్చేది. ఓడలో అయితే రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. విమానంలో అయితే రెండు గంటల పైచిలుకే గానీ, ఆ టికెట్ ధర దినకూలీ కుటుంబానికి అందేది కాదు.

అటువంటి చోట ఒక్క గదిలో, ఒక్క గుమాస్తాతో వృత్తి సాగించే న్యాయవాదిని ఊహించుకుందాం. ఆయన ఎదుటి పక్షాన నిలిచేది ప్రభుత్వ యంత్రాంగమో, బీమా కంపెనీయో, ప్రధాన భూభాగం నుంచి వచ్చిన గుత్తేదారు సంస్థో అయి ఉంటుంది. ఆ సంస్థకు కోల్‌కతాలో ఒక న్యాయవాద బృందం, ఢిల్లీలో మరొకటి, వాటి వెనుక గోడల నిండా గ్రంథాలు. ఈయన వెనుక తేమకు ఉబ్బిన కొన్ని పాత రిపోర్టులు. తెలివితేటల్లో తేడా లేకున్నా, సాధన సంపత్తిలో ఇంత తేడా ఉన్నప్పుడు పోటీ పేరుకే పోటీ. గడచిన పది పదిహేనేళ్లలో ఈ అంతరం ఎంత తగ్గింది, ఎక్కడ తగ్గలేదు అన్న విషయం ద్వీపాల్లోని తెలుగు కక్షిదారులకు నేరుగా సంబంధించినది.

కోర్టు ఒకచోట, సముద్రం మధ్యన

అండమాన్ నికోబార్ దీవులకు సొంత హైకోర్టు లేదు. 1953 నాటి చట్టం ద్వారా ఈ దీవులపై కలకత్తా హైకోర్టు అధికార పరిధి స్థిరపడింది. రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో ఆ హైకోర్టుకు సర్క్యూట్ బెంచ్ ఉంది. కోల్‌కతా నుంచి న్యాయమూర్తులు వంతులవారీగా వచ్చి కేసులు విని వెళుతుంటారు. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ఈ నగరానికి శ్రీవిజయపురం అని పేరు మార్చినా, వ్యవహారంలో పాత పేరు ఇంకా చెలామణి అవుతూనే ఉంది. సముద్రం మీదుగా కోల్‌కతా ఇక్కడికి దాదాపు 1,250 కిలోమీటర్లు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల సర్వీసు వివాదాలు వినే పరిపాలనా ట్రిబ్యునల్ సైతం కలకత్తా బెంచ్ నుంచే సర్క్యూట్‌గా వచ్చి ఇక్కడ కూర్చుంటుంది. అంటే న్యాయం ద్వీపాలకు పర్యటనపై వస్తుందన్నమాట. వచ్చిన న్యాయమూర్తి ఎదుట కేసు ముగియకపోతే వాయిదాల లెక్క నెలల్లోకి మారుతుంది.

ద్వీపాల లోపలి దూరాలు కూడా తక్కువవి కావు. మాయాబందర్ నుంచి రాజధానికి రోడ్డు మార్గాన ఒక పగలంతా ప్రయాణం. దక్షిణాన గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే 500 కిలోమీటర్ల పైమాటే. 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలకు భూములిచ్చి స్థిరపరచిన ఆ ద్వీపం నుంచి ఒక రైతు తన భూమి కాగితాలు వకీలుకు చూపించాలంటే ఓడ కోసం వేచి ఉండాలి. వాతావరణం అనుకూలించకపోతే ఓడ ఆగుతుంది, వాయిదా మాత్రం ఆగదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3 లక్షల 80 వేల పైచిలుకు. వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం మనదే. ఉత్తర కోస్తా జిల్లాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, చిన్న ఉద్యోగాలకు వచ్చి స్థిరపడినవారు వీరిలో ఎక్కువ. వీరి కేసులు కోట్ల రూపాయల కంపెనీ వ్యాజ్యాలు కావు. ఇంటి స్థలం, రోడ్డు ప్రమాదంలో పరిహారం, పెన్షన్, దినకూలీ మజ్దూర్ల వేతనం, చెల్లని చెక్కు వంటివి. మొత్తం చిన్నదే అయినా ఆ కుటుంబానికి అదే సర్వస్వం. పెద్ద న్యాయవాద సంస్థ ఇటువంటి కేసును ముట్టుకోదు. ముట్టుకుంటే దాని ఫీజు కేసు విలువను మించిపోతుంది. కనుక ఇక్కడ చిన్న వకీలు బలపడటమంటే చిన్న కక్షిదారు బలపడటమే.

మజ్దూర్ల సంగతి ఉదాహరణగా చూడవచ్చు. దీవుల పరిపాలన యంత్రాంగంలో పనిచేసే దినకూలీ మజ్దూర్ల వేతన ప్రయోజనాల వివాదం సర్క్యూట్ బెంచ్ ముందు ఏళ్ల తరబడి నడిచింది. ఉత్తర్వులు అమలు చేయలేదన్న కోర్టు ధిక్కార అభియోగంపై 2023 ఆగస్టు 3న బెంచ్ ఏకంగా ప్రధాన కార్యదర్శిని సస్పెండ్ చేసి, లెఫ్టినెంట్ గవర్నర్‌కు 5 లక్షల రూపాయలు జరిమానా విధించింది. మరుసటి రోజే సుప్రీం కోర్టు దానిపై స్టే ఇచ్చింది. ఆ ఉత్తర్వు తగునా తగదా అన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది వేగం. పోర్ట్ బ్లెయిర్‌లో ఒకనాడు వెలువడిన ఉత్తర్వుపై మర్నాటికల్లా ఢిల్లీలో వాదన జరిగింది. ఓడల మీద ఫైళ్లు తిరిగిన కాలంలో ఇది ఊహకందని విషయం. అయితే ఆ వేగాన్ని అందుకోగల స్తోమత ఇరుపక్షాలకూ సమానంగా ఉందా అన్నదే అసలు ప్రశ్న.

బీరువా బరువు

న్యాయవాద వృత్తిలో పెట్టుబడి అంటే పూర్వం పుస్తకాలే. నాగపూర్ నుంచి 1914లో ప్రారంభమైన ఆల్ ఇండియా రిపోర్టర్, లక్నో నుంచి 1969లో మొదలైన సుప్రీం కోర్టు కేసెస్ సంపుటాలు ఎవరి గదిలో పూర్తిగా ఉంటే వారే పెద్ద ప్లీడరు. మన జిల్లా కేంద్రాల్లోనూ ఇదే తంతు. పేరుమోసిన ప్లీడరు కాలం చేస్తే ఆయన బీరువాలు ఎవరు కొంటారన్నది బార్ అసోసియేషన్‌లో పెద్ద వార్త. జూనియర్లు సాయంత్రం పూట సీనియర్ల ఇళ్లకు చేరేది సగం శిష్యరికం కోసమైతే, సగం ఆ బీరువా కోసం.

ద్వీపాల్లో దీనికి తోడు రవాణా ఖర్చు, ఆలస్యం. పత్రిక పార్సిల్ ఓడ మీద వచ్చేసరికి కోల్‌కతా న్యాయవాది ఆ తీర్పును రెండుసార్లు ఉదహరించి ఉంటాడు. ఉప్పుగాలికి, వానాకాలపు తేమకు, చెదలకు పుస్తకాలు నిలవవు. గ్రంథాలయం నిలుపుకోవడమే ఒక ప్రయాస అయినచోట చిన్న వకీలు తన కక్షిదారు వైపు ఉన్న తీర్పును చూడకుండానే వాదించిన సందర్భాలు ఎన్ని ఉంటాయో ఎవరూ లెక్క కట్టలేదు.

విదేశాల్లో ఈ రంగం ముందుగానే కంప్యూటరెక్కింది. అమెరికాలో లెక్సిస్ 1973లోనూ, వెస్ట్‌లా 1975లోనూ తీర్పులను కంప్యూటర్ ద్వారా వెతికే సేవను ప్రవేశపెట్టాయి. కానీ అవి ఖరీదైన చందా సేవలు. మొదట్లో వాటి లబ్ధి పెద్ద సంస్థలకే దక్కింది. మన దేశంలోనూ మొదట అదే వరస. చందా కట్టగలవారికి డేటాబేసులు, కట్టలేనివారికి పాత పుస్తకాలు. తీర్పు ప్రభుత్వ ఖర్చుతో వెలువడుతుంది, దానిని చదవడానికి మాత్రం ప్రైవేటు చందా కట్టాలి! ఈ విడ్డూరాన్ని మనం చాలాకాలం సహజంగానే భావించాం.

ఆ గోడకు మొదటి పెద్ద కన్నం పడింది 2008లో. ఇండియన్ కానూన్ అనే ఉచిత శోధన సేవ ఆ ఏడాది మొదలైంది. సుప్రీం కోర్టు, హైకోర్టుల తీర్పులను, చట్టాల సెక్షన్లను ఒకదానితో ఒకటి ముడిపెట్టి, మాట టైపు చేస్తే చాలు ఎదుట పెట్టింది. చిన్న ఊళ్లలోని న్యాయవాదులకు ఇది కలిగించిన మేలు ఏ న్యాయ సంస్కరణల కమిటీ చేసినదానికీ తీసిపోదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ప్రభుత్వపరంగా అడుగు పడడానికి మరికొంత కాలం పట్టింది. 2023 జనవరి 2న సుప్రీం కోర్టు తన అధికారిక రిపోర్టులను ఈ-ఎస్‌సీఆర్ పేరుతో ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. 2024 జనవరి 28న డిజిటల్ ఎస్‌సీఆర్ ఆరంభమైంది. 1950 నుంచి వెలువడిన 519 సంపుటాలు, 36,308 కేసులు అందులో ఉన్నాయి. అంతకుముందు 2019 నవంబర్‌లో ప్రారంభించిన సువాస్ అనే అనువాద సాఫ్ట్‌వేర్ సాయంతో సుప్రీం కోర్టు తీర్పులు తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లోకి వస్తున్నాయి. అనువాదం చదివి వాదించడం కుదరదు, ప్రమాణం ఆంగ్ల పాఠమే. అయినా తన వంటి కేసులో అత్యున్నత న్యాయస్థానం ఏమన్నదో కక్షిదారు స్వయంగా చదువుకోగలిగితే, వకీలుకు అతనికి మధ్య సంభాషణ తీరే మారుతుంది.

519 సంపుటాలు పెట్టడానికి లంబాలైన్‌లోని ఒంటి గదిలో చోటు చాలదు. ఇప్పుడవి జేబులోని ఫోనులో ఉన్నాయి.

చెన్నై నుంచి తీగ

అయితే ఫోనులో ఉన్నదంతా ఫోనుకు చేరాలి గదా! 2020 వరకు ద్వీపాల ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదనే ఆధారపడింది. వేగం అంతంతమాత్రం, వానపడితే అదీ లేదు. ఒక తీర్పు పూర్తిగా తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చని చెప్పుకొనే రోజులవి.

చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేయడానికి 2018 డిసెంబర్ 30న శంకుస్థాపన జరిగింది. 2020 ఆగస్టు 10న ప్రధాని దానిని ప్రారంభించారు. దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవైన ఈ కేబుల్‌కు అయిన వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. ఇది పోర్ట్ బ్లెయిర్‌తో ఆగలేదు. స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ దాకా సాగింది. చెన్నై, పోర్ట్ బ్లెయిర్‌ల మధ్య సెకనుకు 200 గిగాబిట్ల సామర్థ్యం గల రెండు మార్గాలు, రాజధాని నుంచి ఇతర ద్వీపాలకు 100 గిగాబిట్ల మార్గాలు రెండేసి ఏర్పాటయ్యాయి. ఇందుకైన ఖర్చు టెలికం కంపెనీలు తమ రాబడిలోంచి సార్వజనీన సేవా నిధికి చెల్లించే సొమ్ము నుంచి వచ్చింది. లాభం రానిచోటికి సేవలు చేర్చడానికే ఆ నిధి ఉన్నది.

ఈ కేబుల్ గురించి రాసినవారంతా పర్యాటకం, రక్షణ, బ్యాంకింగ్ అని రాశారు. న్యాయస్థానాలకు దీని వల్ల కలిగిన ప్రయోజనం అంతగా చర్చకు రాలేదు. నిజానికి కాలం కూడా కలిసివచ్చింది. కేబుల్ ప్రారంభం కావడానికి నాలుగు నెలల ముందు, 2020 ఏప్రిల్ 6న, కరోనా కారణంగా సుప్రీం కోర్టు దేశంలోని కోర్టులన్నీ వీడియో కాన్ఫరెన్స్ ద్వారా పనిచేయడానికి మార్గదర్శక ఉత్తర్వులు జారీచేసింది. వీడియో ద్వారా సాక్ష్యం చెల్లుతుందని అదే కోర్టు 2003లోనే ప్రఫుల్ల దేశాయ్ కేసులో తేల్చి చెప్పినా, పదిహేడేళ్లు ఆ సౌకర్యం అరుదైన కేసులకే పరిమితమైంది. న్యాయ సూత్రం తేల్చినదానిని మహమ్మారి అమలు చేయించింది.

కరోనా తగ్గాక కొన్ని హైకోర్టులు మళ్లీ తలుపులు మూయబోయాయి. అప్పుడు 2023 అక్టోబర్ 6న సర్వేశ్ మాథుర్ కేసులో సుప్రీం కోర్టు మరో ఉత్తర్వు ఇచ్చింది. వీడియో ద్వారా హాజరయ్యే సౌకర్యాన్ని ఏ హైకోర్టూ ఏ న్యాయవాదికీ నిరాకరించరాదన్నది దాని సారాంశం. చిన్న ఊరి వకీలు ఇప్పుడు దీనిని సదుపాయంగా కాక హక్కుగా అడగవచ్చు. అలాగే ఈ-కోర్టుల పథకం మూడో దశకు 2023 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. రెండో దశకు కేటాయించినది 1,670 కోట్లు.

ఈ పథకంలో అందరికీ కనిపించే ఫలితం ఒకటుంది. ప్రతి కేసుకూ 16 అక్షరాలూ అంకెలతో కూడిన ఒక సంఖ్య ఇస్తారు. దానిని ఫోనులో కొడితే వాయిదా ఎప్పుడు, ఎవరి ముందు, కిందటిసారి ఏం జరిగింది అన్నవి తెలుస్తాయి. పెద్ద సంస్థకు ఈ పని చేయడానికి ఒక గుమాస్తాల దండు ఉంటుంది. చిన్న వకీలుకు ఉన్న ఒక్క గుమాస్తా పొద్దంతా కోర్టు వరండాల్లో తిరిగి తెలుసుకున్న సమాచారం ఇప్పుడు ఉచితం. కక్షిదారు కూడా చూసుకోగలడు కాబట్టి "వాయిదా పడింది" అని వకీలు చెప్పే మాటను సరిచూసుకునే అవకాశమూ వచ్చింది. ఇది అందరు వకీళ్లకూ సంతోషం కలిగించే మార్పు కాదని వేరే చెప్పనక్కరలేదు!

రెండువైపులా నడిచే దారి

ఇంతవరకు చెప్పినది చదివి చిన్న వకీలు గెలిచినట్టేనని అనుకుంటే పొరపాటు. లంబాలైన్ న్యాయవాదిని కోల్‌కతా కోర్టు హాలులోకి తీసుకువెళ్లే తీగే కోల్‌కతా సీనియర్ న్యాయవాదిని పోర్ట్ బ్లెయిర్ బెంచ్ ఎదుటికి తీసుకువస్తుంది. పూర్వం ఆ సీనియర్‌ను పిలిపించాలంటే విమానం టికెట్, హోటల్ గది, రెండు రోజుల ఫీజు భరించాలి. అంత ఖర్చు ప్రభుత్వ సంస్థలకూ పెద్ద కంపెనీలకూ మాత్రమే సాధ్యపడేది. మిగతా కేసులన్నీ స్థానిక న్యాయవాదులకే దక్కేవి. సముద్రం వారికి ప్రతిబంధకంగానే కాక రక్షణగోడగా కూడా ఉండేదన్నమాట. ఇప్పుడు ఒక మోస్తరు వ్యాపారి సైతం కోల్‌కతా వకీలును అరగంట వాదన కోసం తెర మీదికి రప్పించగలడు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే పరిణామం మరో రూపంలో కనిపిస్తోంది. 2019 జనవరి 1న రాష్ట్ర హైకోర్టు పని ప్రారంభించినప్పుడు హైదరాబాద్‌లో స్థిరపడిన న్యాయవాదులెందరికో ఇల్లు మారవలసిన చిక్కు వచ్చింది. వీడియో విచారణ వచ్చాక శ్రీకాకుళం వకీలు తన కక్షిదారు రిట్‌ను తానే వాదించగలుగుతున్నాడు. హైదరాబాద్ వకీలు కూడా ఇల్లు కదలకుండా అదే కోర్టులో హాజరు కాగలుగుతున్నాడు. లాభం ఎవరి వైపు మొగ్గుతుందన్నది వాదనా పటిమ కంటే ముందు, కేసు మొదట ఎవరి గుమ్మం తొక్కుతుందన్న దానిపై ఆధారపడుతుంది.

ఇక్కడే స్థానికుడికి ఒక బలం మిగిలింది. అండమాన్ భూమి కేసులు మన జిల్లాల భూమి కేసుల వంటివి కావు. 1966 నాటి భూమి శిస్తు, భూసంస్కరణల రెగ్యులేషన్ ప్రకారం ఇక్కడి భూమికి మూల హక్కుదారు ప్రభుత్వమే. మిగతావారికి ఉండేవి అనుభవ హక్కు, గ్రాంటు, లైసెన్సు వంటివి. ఆక్రమణల వివాదాల్లో 1978 అనే సంవత్సరం గీతలాగా నిలిచింది. అటవీ ఆక్రమణలపై షేఖర్ సింగ్ కమిషన్ ఇచ్చిన నివేదిక ఆధారంగా 2002 మే 7న సుప్రీం కోర్టు ఇచ్చిన ఉత్తర్వులోనూ ఆ గీత ఉంది. 1978కి ముందు నుంచి ఒక కుటుంబం ఫలానా చోట ఉన్నదని రుజువు చేయాలంటే పాత రేషన్ కార్డు, బడి రిజిస్టరు, ఇరుగుపొరుగు సాక్ష్యం కావాలి. ఆ కాగితం ఏ ఆఫీసులో ఏ కట్టలో ఉంటుందో, తెలుగు మాత్రమే వచ్చిన ముసలమ్మ చేత ఏ మాట చెప్పించాలో కోల్‌కతాలోని డేటాబేసుకు తెలియదు. చట్టంలో వెనుకబడినందున స్థానిక వకీలు ఈ విషయ పరిజ్ఞానాన్ని పూర్తిగా వాడుకోలేకపోయేవాడు. ఇప్పుడు చట్టమూ చేతికందింది కనుక రెండూ కలిశాయి. చిన్న న్యాయవాద కార్యాలయం నిజంగా పోటీ పడగలుగుతున్నది ఈ కలయికలోనే.

కృత్రిమ మేధ, అసలు తీర్పు

పెద్ద సంస్థలు ఈలోగా మరో మెట్టు ఎక్కాయి. సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్ సంస్థ 2017 జనవరిలోనే ఒప్పంద పత్రాల పరిశీలనకు కీరా అనే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌ను తీసుకుంటున్నట్టు ప్రకటించింది. వందల పత్రాలను పదిమంది జూనియర్లు వారాల తరబడి చదివే పనిని యంత్రానికి అప్పగించడం దాని ఉద్దేశం. అది పెద్దల ఆటగానే కనిపించింది. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక పరిస్థితి తారుమారైంది. జూనియర్ అనేవాడే లేని వకీలుకు అడిగిందే తడవుగా నోటీసు, అఫిడవిట్ రాసిపెట్టే సహాయకుడు దొరికాడు. ఆంగ్లంలో తడబడే వకీలుకు ఇది చిన్న వరం కాదు.

కానీ ఈ సహాయకుడికి ఒక దురలవాటు ఉంది. లేని తీర్పును ఉన్నట్టుగా, పేరు, సంవత్సరం, పేజీతో సహా చెబుతుంది. న్యూయార్క్‌లో మాటా అనే ప్రయాణికుడు ఏవియాంకా విమాన సంస్థపై వేసిన దావాలో అతని న్యాయవాదులు ఇలా యంత్రం పుట్టించిన తీర్పులను కోర్టుకు సమర్పించారు. 2023 జూన్‌లో న్యాయమూర్తి వారికి 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఆ న్యాయవాదులు మహా సంస్థకు చెందినవారు కారు, చిన్న కార్యాలయం వారే కావడం గమనార్హం. పెద్ద సంస్థలో యంత్రం రాసినదానిని సరిచూడటానికి మరో నలుగురు ఉంటారు. ఒంటరి వకీలుకు యంత్రమే జూనియర్, యంత్రమే సీనియర్ అయ్యే ప్రమాదం ఉంది. అయితే సరిచూసుకోవడానికి కావలసిన ఎస్‌సీఆర్ సంపుటాలు ఉచితంగా ఎదుటే ఉన్నాయి కాబట్టి పొరపడినవారికి సాకు కూడా లేదు. కోర్టుల వైపు నుంచి కేరళ హైకోర్టు 2025 జూలైలో జిల్లా న్యాయవ్యవస్థకు ఒక విధానం ప్రకటించింది. తీర్పులు, నిర్ణయాలు చేయడానికి కృత్రిమ మేధను వాడరాదని అందులో స్పష్టం చేసింది.

ఒకేరోజు పాతబడిన పుస్తకాలు

2024 జూలై 1న మరో విచిత్రం జరిగింది. భారతీయ శిక్షాస్మృతి, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టం స్థానంలో మూడు కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. అప్పటి నుంచి జరిగే నేరాలకు సెక్షన్ల సంఖ్యలన్నీ మారిపోయాయి. ముప్పై ఏళ్ల అనుభవంలో నోటికి వచ్చిన 302, 420 ఉన్నట్టుండి పాత కేసులకే పరిమితమయ్యాయి. పెద్ద ప్లీడరు, నిన్న నల్లకోటు వేసుకున్న కుర్రవాడు ఒకే పుస్తకం మొదటి పేజీ నుంచి చదవవలసి వచ్చింది. విచారణలు, దర్యాప్తులు ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపవచ్చని కొత్త నాగరిక సురక్షా సంహిత 530వ సెక్షన్ చెబుతోంది. క్యాంప్‌బెల్ బే సాక్షి విషయంలో దీని విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

అదే సమయంలో కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ఒక భారం మోపింది. వాట్సాప్ సందేశం, సీసీ కెమెరా దృశ్యం వంటివి రుజువుగా పెట్టాలంటే రెండు భాగాల ధ్రువపత్రం జతచేయాలి. మొదటిది పరికరం ఎవరిదో వారిది, రెండోది నిపుణుడిది. ఆ రికార్డు మారలేదని తేల్చే హాష్ విలువ కూడా అందులో రాయాలి. మహానగరంలో ఇటువంటి నిపుణులు వీధికొకరు దొరుకుతారు. ద్వీపంలో వెతుక్కోవాలి, దొరికితే ఫీజు ఇవ్వాలి. రోడ్డు ప్రమాదాన్ని ఫోనులో తీసిన ఇరవై సెకన్ల దృశ్యం కక్షిదారు చేతిలో ఉన్నా, ఈ ధ్రువపత్రం లేకపోతే అది కోర్టులో నిలవడం కష్టం. సాంకేతికత ఒక చేత్తో ఇచ్చినదానిని చట్టం మరో చేత్తో ఖర్చుగా వసూలు చేయడం ఇటువంటిదే.

పేరు చెప్పుకోరాదు, ఢిల్లీ దాటరాదు

వ్యాపారంలో చిన్నవాడు పెద్దవాడితో పోటీపడే మొదటి ఆయుధం ప్రకటన. న్యాయవాదికి అది నిషిద్ధం. బార్ కౌన్సిల్ నియమావళిలోని 36వ నిబంధన ప్రకారం న్యాయవాది పని కోసం ప్రచారం చేసుకోరాదు. 2008లో సవరించి పేరు, చిరునామా, ఫోను, చదువు, ఏ రంగంలో వృత్తి చేస్తున్నదీ వెబ్‌సైట్‌లో పెట్టుకోవడానికి అనుమతించారు. న్యాయవాదులను సరుకు మాదిరిగా జాబితా చేసి చూపే వెబ్‌సైట్లపై చర్య తీసుకోవాలని 2024 జూలైలో మద్రాసు హైకోర్టు బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. వృత్తి గౌరవం దృష్ట్యా ఈ నిబంధనను తప్పుపట్టలేం. కానీ పెద్ద న్యాయవాది పేరు పెద్ద కేసుల వార్తలతో పాటు రోజూ పత్రికల్లో వస్తూనే ఉంటుంది. అది ప్రకటన కిందికి రాదు. లంబాలైన్ వకీలు తన పేరును ఆ పేట దాటి వినిపించడానికి కక్షిదారుల నోటిమాట తప్ప మరో దారి లేదు.

ఇక అత్యున్నత న్యాయస్థానం సంగతి. వీడియో ద్వారా హాజరు కావచ్చు, ఈ-ఫైలింగ్ ఉంది, తీర్పులు ఉచితం. అయినా సుప్రీం కోర్టులో కేసు దాఖలు చేయగలిగింది అడ్వకేట్ ఆన్ రికార్డ్ ఒక్కరే. ఆ హోదాకు ప్రత్యేక పరీక్ష నెగ్గాలి. అంతేకాదు, 2013 నాటి సుప్రీం కోర్టు నిబంధనల ప్రకారం అతని కార్యాలయం ఢిల్లీలో, కోర్టు భవనానికి 16 కిలోమీటర్ల లోపల ఉండాలి. కాగితం మీద ఫైలు నడిచిన కాలంలో దీనికి అర్థం ఉంది. తీగ మీద ఫైలు నడిచే కాలంలోనూ ఆ 16 కిలోమీటర్ల గీత అలాగే ఉంది. దానివల్ల మజ్దూరు వేతనం కేసు పోర్ట్ బ్లెయిర్‌లో ఎంత చవకగా నడిచినా, ఢిల్లీ చేరగానే రెండో వకీలు ఫీజు మొదలవుతుంది. కేబుల్ 2,300 కిలోమీటర్లు దాటి వచ్చింది. ఈ చివరి 16 కిలోమీటర్లు దాటడానికి కావలసింది కేబుల్ కాదు, నిబంధనల్లో ఒక సవరణ.